బంగాళాఖాతాన్ని పడమటికి జరిపిన ఫ్లెక్సు

బంగాళాఖాతాన్ని విశాఖపట్నానికి పడమటి దిక్కున పెట్టిన ఘనుడు నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. అతడు నేనే. ఆ పనికి నాకు తుఫాను సాయపడలేదు, భూకంపం సాయపడలేదు. ఒక లాప్‌టాప్, ఒక మౌసు, చూపుడువేలితో ఒకే ఒక్క నొక్కు. అంతే, సముద్రం ఒడ్డు మార్చుకుంది, పొద్దు పొడవవలసిన చోట గుంకింది, ఒక పెద్దావిడ నాయనమ్మ ఆవిడకి కాకుండా పోయింది. ఇన్ని ఘనకార్యాల కిందా నా పేరు, పేరు పక్కన బి.టెక్ కూడా అచ్చు వేయించుకున్నాను. ఆ వైనం చెబుతాను. నవ్వదలచినవారు మొహమాటపడనవసరం లేదు. నర్సీపట్నం చేపల బజారు ఏనాడో నవ్వేసింది.

అప్పుడు నాకు ముప్ఫై ఏళ్లు. సర్వే ఇంజినీరుని. గొలుగొండ, రోలుగుంట, రావికమతం మండలాలలో కాలువలూ రోడ్లూ పొలం గట్లూ కొలిచిపెట్టడం వృత్తి. కొలతకు లొంగనిది లోకంలో లేదని నా నమ్మకం. కూరలో ఉప్పు ఎక్కువైందా అని అమ్మ అడిగితే, "దేనితో పోలిస్తే?" అని ఎదురడిగే రకాన్ని. అటువంటి కొడుకుకి అన్నం పెట్టినందుకు మా అమ్మకి ఇప్పటికీ ఎవరూ సన్మానం చేయలేదు.

ఈ మహానుభావుడికి ఒక వ్యసనం ఉండేది: విశాఖపట్నం పాత ఫొటో పోస్టుకార్డులు సేకరించడం. దీపస్తంభం, డాల్ఫిన్ నోస్ కొండ, దొరల బంగళాలు, బజారువీధి, వలలు ఎండబెట్టుకునే జాలర్లు, బుట్టలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు. చిత్తుకాగితాల కొట్లలో, జనం అటకల మీది ట్రంకుపెట్టెలలో వెదికి నలభై రెండు కార్డులు కూడబెట్టాను. కూడబెట్టి ఏం చేసేవాడినంటే, వాటిలో నీడలు కొలిచేవాడిని. కార్డులో మనిషి నవ్వుతోందో ఏడుస్తోందో నాకు పట్టేది కాదు. ఆమె నీడ ఆమె ఎత్తుకి ఎన్ని రెట్లుందో పట్టేది. దానినిబట్టి పగలు ఎన్ని గంటలకు ఆ ఫొటో తీశారో తేల్చి, పెన్సిలుతో వెనక రాసేవాడిని. మామిడితోటలోకి వెళ్లి ఆకులు లెక్కపెట్టుకుని వచ్చేవాడిని ఏమంటారో, నన్ను కూడా అదే అనవచ్చు.

మా ఊరి మిషన్ చర్చి వారి హాలుకి నేల మట్టం చూసిపెట్టినది నేనే. ఆ చనువుతో నా కార్డులన్నీ అక్కడ ప్రదర్శనకు పెట్టుకుంటానన్నాను. పాస్టరు గారు సరేనన్నారు. ప్రదర్శన చూడడానికి వచ్చినవారిలో ఎక్కువమంది ఫ్యాను కోసం వచ్చారు. కార్డుల కోసం వచ్చినది ఒక్క కరుణమ్మ గారే.

కరుణమ్మ గారు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. డెబ్భై దాటినా నడక వార్డులో రౌండుకి వెళ్తున్నట్టే ఉంటుంది. ఆవిడ కార్డులన్నిటినీ వరసగా చూస్తూ పంతొమ్మిదో దాని దగ్గర ఆగిపోయారు. దూరాన డాల్ఫిన్ నోస్, ఒక పక్క సముద్రం, ముందర నెత్తిన చేపలబుట్టతో ఒక స్త్రీ. బుట్టని ఒక చేత్తో పట్టుకుని కెమెరా వంక చూస్తోంది, ఏం కావాలి అన్నట్టు.

"బాబూ, మీ దగ్గర అద్దం ఉందా?" అన్నారు.

భూతద్దం ఇచ్చాను. ఆవిడ చాలాసేపు చూసి, పక్కనున్న బెంచీ మీద మెల్లగా కూర్చున్నారు.

"మా నాన్నకి కోక కట్టినట్టుందండి. ఆ చెయ్యి చూడండి. చిటికెనవేలు సగమే."

చూశాను. బుట్టని పట్టుకున్న ఎడమచేతికి చిటికెనవేలు సగం వరకే ఉంది.

సంగతేమిటంటే, కరుణమ్మ గారి నాయనమ్మ సారమ్మ గారు ఒకప్పుడు విశాఖపట్నం ఒడ్డున చేపలు అమ్మిన మనిషి. కత్తిపీట మీద చేప కోస్తుంటే వేలు తెగిందట. ఎవరో దొర మూడుకాళ్ల పెట్టె నిలబెట్టి ఆవిడ బొమ్మ తీశాడని ఇంట్లో చెప్పుకునేవారట. తరవాత ఆవిడ బాప్తిస్మం తీసుకుని, మిషన్ వారితో నర్సీపట్నం వచ్చి, ఆసుపత్రి వంటశాల మొదలుపెట్టింది. చర్చి హాలు గోడ మీద మొదటితరం వారి ఫొటోలు వరసగా ఉంటాయి. చివరి ఫ్రేములో మాత్రం బొమ్మ లేదు. తెల్లకాగితం మీద "సారమ్మ, వంటశాల" అని ఉంటుంది. ఆ ఖాళీ ఫ్రేముని ప్రతి శనివారం గుడ్డతో తుడిచేది కరుణమ్మ గారే.

"నా చేతుల్తో ఎంతమందికో కళ్లు మూశాను బాబూ. మా నాయనమ్మ మొహం ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలీదు. అదొక్కటి గోడ మీద చూసుకుని పోతాను," అన్నారు.

గోడ మీదికి ఎక్కాలంటే కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ అంటే కార్యదర్శి బెంజిమన్ మాస్టారు. ఆయన రిటైర్డు హెడ్మాస్టరు. ఋజువు లేనిదే ఉదయాన్ని ఉదయమని ఒప్పుకోరు. అయితే ఋజువు సిద్ధంగానే ఉంది. పాత బాప్తిస్మపు రిజిస్టరులో సారమ్మ గారి పేరు పక్కన గుర్తు రాసి ఉంది: ఎడమచేతి చిటికెనవేలు సగం లేదు. ఇక ఆ ఫొటోని పెద్దది చేసి, శనివారం సాయంత్రం కమిటీకి చూపించి, ఆదివారం ఆరాధనలో ఆవిష్కరించడమే తరువాయి. పెద్దది చేసే పని నేను తీసుకున్నాను. పాఠకులు గమనించాలి. ఈ క్షణానికి అన్నీ సవ్యంగానే ఉన్నాయి. రొట్టె విరిగి నేతిలో పడే ఉంది. నేను దాన్ని నేతిలోంచి తీసి కడగబోయాను.

కార్డుని స్కాన్ చేసి తెర మీద చూస్తుండగా నా సాంకేతిక నేత్రానికి ఒక లోపం తట్టింది. ఆ స్త్రీ పైట కుడిభుజం మీద ఉంది. పైట ఎడమభుజం మీద కదా ఉండాలి? గోడ క్యాలెండర్లలో అంతే, చీరల కొట్ల బోర్డుల మీద అంతే, పెళ్లిళ్లలో అంతే. అప్పట్లో ఫొటోలు గాజుపలకల మీద తీసేవారు. పలకని అచ్చులో తిరగేసి పెడితే కుడి ఎడమవుతుంది. కార్డు అడుగున ఇంగ్లీషు అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి గాని, అవి విడిగా అచ్చువేసినవి కనుక వాటి సాక్ష్యం చెల్లదు. ఎంత చక్కటి తర్కమో చూశారా! అరటాకులో వడ్డించిన సున్నంలా తెల్లగా ఉంది.

అంతే. మౌసు నొక్కాను. బొమ్మ తిరగబడింది. పైట ఎడమకి వచ్చింది. ప్రపంచం చక్కబడింది.

ఆ తరవాత నీడ కొలిచాను. కెమెరా దక్షిణముఖంగా ఉందని కొండనిబట్టి తేల్చి, కాగితం మీద బాణం గుర్తు గీసుకున్నాను. నీడ బొమ్మలో ఎడమవైపు, అంటే తూర్పుకి పడుతోంది, కనుక సూర్యుడు పడమట ఉన్నాడని రాశాను. ఆరడుగుల ఫ్లెక్సు వేయించాను. కింద ఇలా ఉంది: "విశాఖపట్నం సముద్రతీరం. సాయంత్రం నాలుగున్నర గంటల ప్రాంతం. తిరగబడిన పాత ముద్రణను శాస్త్రీయంగా సరిదిద్దినది," ఆపైన నా పేరు, బి.టెక్.

కెమెరా దక్షిణానికి చూస్తుంటే కుడిచేతి వైపు పడమర అవుతుందని ఆరో తరగతి పిల్లకి తెలుసు. తిరగేసిన బొమ్మలో సముద్రం ఆ కుడిచేతి వైపే ఉంది. రోజూ నాలుగు దిక్కుల మధ్య బతుకుతూ, దిక్కులు చూపించి జీతం తీసుకునే మనిషి, సముద్రాన్ని పడమట పెట్టి సంతకం చేశాడు. నా దగ్గర అదే కొండవి మరో ఏడు కార్డులున్నాయి. ఏడింటిలోనూ సముద్రం ఎడమవైపే. పక్కన పెట్టి చూసుకుంటే సరిపోయేది. కాని నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగో కాలు కనబడితే అది ముద్రణాదోషం.

శనివారం సాయంత్రం హాలులో ఫ్లెక్సు విప్పాను. కరుణమ్మ గారు ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. విప్పగానే ఆవిడ మొహం వికసించింది, వెంటనే ముడుచుకుంది.

బెంజిమన్ మాస్టారు రిజిస్టరు తెరిచి, కళ్లజోడు సర్దుకుని, ఫ్లెక్సు దగ్గరికి వెళ్లి వేళ్లు లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు.

"ఇంజినీరు గారూ, రిజిస్టరులో ఎడమచెయ్యి అని ఉంది. మీ బొమ్మలో కుడిచెయ్యి తెగింది. ఏది నిజం?"

ఇక్కడ ఒక మామూలు తెలివిగల మనిషి ఏం చేస్తాడు? నాలిక కరుచుకుంటాడు. పైట గురించి తను వేసుకున్న లెక్కలో తేడా ఉందేమోనని అనుకుంటాడు. రిజిస్టరు, కార్డు, మనవరాలు, ముగ్గురు సాక్షులు ఒకవైపు. ఒక క్యాలెండరు మరోవైపు. నేను క్యాలెండరు పక్షం వహించాను.

"రెండూ నిజమే మాస్టారూ. రిజిస్టరులో ఉన్నది సారమ్మ గారు. బొమ్మలో ఉన్నది మరొకరు."



"కార్డులో ఎడమచెయ్యే కదా బాబూ. నా కళ్లతో చూశాను," అన్నారు కరుణమ్మ గారు.

"కార్డు తప్పండీ. దాన్ని నేను సరిదిద్దాను."

"నాతో ఒక మాట అనకుండానా?"

"ఇది అడిగి చేసే పని కాదండీ. ఆప్టిక్స్."

"ఆవిడ వేలు తెగిననాడు మీ ఆప్టిక్స్ అక్కడ లేదు కదా," అన్నారావిడ, గొంతు పెంచకుండా.

దానికి నేను గాజుపలకల గురించి, కటకాల గురించి పావుగంట ఉపన్యసించాను. వినేవారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వల్ల అందరూ నమ్మారు. సాంకేతిక విద్యకు ఉన్న బలం అదే. బెంజిమన్ మాస్టారు నిట్టూర్చి, ఇంజినీరు గారే కాదంటున్నారు గనుక ఫ్రేము ఖాళీగానే ఉంచుదామని మినిట్సులో రాయించారు. కరుణమ్మ గారు లేచి, సంచీలోంచి గుడ్డ తీసి, గోడ దగ్గరికి వెళ్లి ఆ ఖాళీ ఫ్రేముని తుడిచారు. శనివారం కదా. తుడిచి, గుడ్డ మడిచి సంచీలో పెట్టుకుని వెళ్లిపోయారు. నేను మాత్రం, సత్యం కోసం కఠినంగా నిలబడ్డానన్న సంతృప్తితో ఫ్లెక్సు చుట్టుకుని ఇంటికొచ్చి, రెండు గరిటెలు ఎక్కువే తిన్నాను.

ఆదివారం పొద్దున్న వడియాలు పెట్టుకోవడానికి పనికొస్తుందని అమ్మ ఆ ఫ్లెక్సుని వీధి అరుగు మీద పరిచింది. నా శాస్త్రీయ కృషికి తొలి సద్వినియోగం అదే. అప్పుడే నూకాలమ్మ చేపలబుట్ట దించింది. నూకాలమ్మ పూడిమడక నుంచి పొద్దున్నే ఆటోలో సరుకు తెచ్చి, ముందు మా వీధిలో నాలుగిళ్లకు ఇచ్చి, ఆ తరవాత బజారులో కూర్చుంటుంది. వంజరం ముక్కల గురించి అమ్మతో మాట్లాడుతూనే ఫ్లెక్సు వంక చూసి తల పక్కకి వంచింది. మరోపక్కకీ వంచింది.

"ఇదే ఊరు బాబూ?"

"విశాఖపట్నమే. నీ పుట్టిల్లే కదా."

"మా పుట్టింటికాడ సముద్రం అటేపు ఎప్పుడెల్లింది?"

నేను చిరునవ్వు నవ్వాను. చదువుకోనివారితో మాట్లాడేటప్పుడు నాకు అలాంటి ఒక చిరునవ్వు ఉండేది. ఆ నవ్వుని ఇప్పుడు గుర్తు చేసుకుంటే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది, నా చెంప గనుక ఊరుకుంటాను.

"అది పాత ఫొటో నూకాలమ్మా. నీకు తెలీదు."

"పాతదైతే సముద్రం లేసెల్లి కూకుంటాదేటి? మాది ఆ కొండ కిందే. కొండకేసి మొగమెట్టి నిలబడితే నీల్లు ఎడం సేతికుండాల. ఇందులో కుడి సేతికున్నాయి. ఈ లెక్కన మావోల్లు వలేసుకోడానికి అనకాపల్లి ఎల్లాల."

నా చిరునవ్వు అక్కడే ఉంది గాని దాని వెనక మనిషి లేడు. కొండకి ఎదురుగా, అంటే దక్షిణం. కుడిచెయ్యి, అంటే... పడమర. నేను రాసిన కాగితం, నేను గీసిన బాణం గుర్తు, నా ఉత్తరం, నా దక్షిణం. అన్నీ కలిసి నన్నే చూస్తున్నాయి.

"కింద ఏటి రాసినారు?" అంది నూకాలమ్మ. అమ్మ చదివి వినిపించింది. సాయంత్రం నాలుగున్నర.

నూకాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నాలుగున్నరకి నిండు బుట్టెవులెత్తుకుంటారు బాబూ? అప్పటికి ఆ సేపని పిల్లి కూడా ముట్టదు."

నాకు ఇక మిగిలినది ఒక్క కోట. దానిలోకి పరిగెత్తాను. "అయితే పైట సంగతేమిటి? అసలు కార్డులో పైట కుడిభుజం మీద ఉంది. అది తిరగబడ్డట్టు కాదా?"

ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ చేతిలో గిన్నె కింద పెట్టి, "ఒరే, ఇలా రా," అంది.

ముందుగదిలోకి తీసుకెళ్లింది. అక్కడ గోడ మీద మా నాయనమ్మ ఫొటో ఉంది. ఆ ఫొటోకి ఫ్రేము కట్టించినది నేనే. రసమట్టం పెట్టి, అర మిల్లీమీటరు వంకర లేకుండా మేకు కొట్టినదీ నేనే. ఎవరింటికైనా వెళ్లినప్పుడు వాళ్ల ఫొటోలు ఒరిగి ఉన్నాయని చెప్పి వచ్చేవాడిని కూడా.

"పైట ఎటుంది?" అంది అమ్మ.

కుడిభుజం మీద.

"మా అత్తొక్కతే కాదురా. గొలుగొండలో ఆవిడ ఈడు ఆడోళ్లందరిదీ కుడిపైటే. మా తరానికొచ్చి ఎడమకి మారినాం. ఆ కుడిపైట కొంగు నోట్లో ఎట్టుకునే నువ్వు నడక నేర్సేవు."

"మాయమ్మదీ అంతే," అని వాకిట్లోంచి నూకాలమ్మ వంత పాడింది.

ఆరేళ్లుగా రోజుకి నాలుగుసార్లు ఆ ఫొటో కిందనుంచి నడుస్తున్నాను. దీపం కింద చీకటి అంటారు. మా ఇంట్లో ట్యూబులైటు కింద కూడా చీకటే. మేకు చూశాను, మట్టం చూశాను, చట్రం అంచులు చూశాను. లోపల ఉన్న మనిషిని చూడలేదు.

"ఆరాధన తొమ్మిదికి కదేటి? బేగెల్లు," అంది అమ్మ. ఆ ఒక్కమాటతో, శనివారం సంగతి తనకు అప్పుడే తెలిసిపోయిందని నాకు అర్థమైంది. ఈ ఊళ్లో ఆమెకు తెలియనిది నాకు సర్వే నంబర్లలో మాత్రమే దొరుకుతుంది.

పంతొమ్మిదో కార్డు చొక్కాజేబులో పెట్టుకుని స్కూటరు ఎక్కాను. చర్చికి చేరేసరికి ప్రకటనలు చదువుతున్నారు. పాస్టరు గారి చెవిలో చెప్పాను. ఆయన మైకు నా చేతికిచ్చి రెండడుగులు వెనక్కి వేశారు, పగిలే వస్తువుకి దూరంగా జరిగినట్టు.

నిన్న నేను చెప్పినది తప్పని, కార్డు సరైనదని, తిరగబడినది నేనని చెప్పాను. సముద్రం సంగతి చెప్పాను. నిండుబుట్ట సంగతి చెప్పాను. చివరికి మా నాయనమ్మ పైట, రసమట్టం సంగతి కూడా చెప్పవలసి వచ్చింది. సముద్రం దగ్గర జనం ఓర్చుకున్నారు. రసమట్టం దగ్గర ఓర్చుకోలేకపోయారు. గాయకబృందంలో ఒకావిడ పాటలపుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని ఊగిపోయింది.

బెంజిమన్ మాస్టారు నవ్వలేదు. లేచి వచ్చి కార్డు తీసుకుని భూతద్దంలో చూశారు.

"ఇది నేరుగా చూసిన బొమ్మేనా ఇంజినీరు గారూ? లేక మళ్లీ దిద్దారా?"

"దిద్దలేదు మాస్టారూ. ముట్టుకోలేదు."

"ఎడమచెయ్యి. చిటికెనవేలు. సగం," అని మైకులోనే చదివి, రిజిస్టరు మూసి, నిన్నటి మినిట్సు కొట్టివేయమన్నారు. తరవాత ఆయనే కుర్చీ వేసుకుని ఎక్కి ఆ ఖాళీ ఫ్రేముని దించారు. ఫ్లెక్సు లేదు, పెద్దది చేయడం లేదు. అరచేతంత కార్డునే అందులో పెట్టారు. నా నలభై రెండు కార్డులు నలభై ఒకటయ్యాయి. నేను జీవితంలో తప్పు లేకుండా చేసిన తీసివేత అదొక్కటే.

కరుణమ్మ గారు ఫ్రేము దగ్గర నిలబడి చాలాసేపు చూశారు. తరవాత నా వైపు తిరిగారు. నేను క్షమాపణకి మాటలు పేర్చుకుంటున్నాను.

"వద్దులెండి బాబూ," అన్నారు. "ఇన్నాళ్లూ మా ఫ్రేములో మనిషి లేదు. మీ ఫ్రేములో మనిషి ఉండీ లేదు. మీకంటే మేమే నయం."

నేను పట్టా పుచ్చుకున్న రోజున కూడా నా గురించి ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పలేదు.

ఇక ఫ్లెక్సు సంగతి. ఇంటికొచ్చేసరికి అది లేదు. అమ్మ దాన్ని నూకాలమ్మకి ఇచ్చేసింది. ఆమె దాన్ని చేపల బజారులో తన దుకాణం మీద పందిరిగా కట్టుకుంది. అచ్చువైపు ఆకాశానికి, తెల్లవైపు కిందికి. తెల్లగా ఉంటే చేప మిలమిలలాడుతుందట. అది అప్పటినుంచీ అక్కడే ఉంది, అంచులు చిరిగినా, రంగు కొంత వెలిసినా. కాస్త ఎండెక్కాక దాని కింద నిలబడి పైకి చూస్తే వెలుతురులో బొమ్మ ఇటువైపుకి కనబడుతుంది. వెనకనుంచి చూస్తాం గనుక కుడి ఎడమవుతుంది. అంటే సముద్రం తూర్పుకి తిరిగి వచ్చేసింది. పైట కుడిభుజానికి, సగం వేలు ఎడమచేతికి, పొద్దు ఉదయానికి చేరుకున్నాయి. నిండుబుట్ట నిండుగానే ఉంది. ఆరడుగుల ఆ ఫ్లెక్సులో ఇప్పుడు తిరగబడి కనిపించేది నా పేరు, బి.టెక్ సహా ఆ కింది రాతే. వంజరం కొనుక్కునేవాళ్లు మెడలు వంచి దాన్ని చదవబోతారు, చదవలేరు. "ఎవుల రాతది?" అని అడిగితే నూకాలమ్మ ఒక్కటే చెబుతుంది: "సముద్రాన్ని జరిపినోడిది."

కనుక, అష్టదిక్పాలకుల సాక్షిగా, వారు ఏయే దిక్కులలో ఉంటారో ముందుగా నూకాలమ్మని అడిగి నిర్ధారించుకున్న మీదట, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ స్త్రీ పైటనూ, ఏ నగరపు సముద్రాన్నీ, ఎవరి నాయనమ్మనూ సరిదిద్దను. నీడలు కొలవను. మా ఇంటి గోడ మీది ఫొటో ఇప్పుడు కొంచెం ఎడమకి ఒరిగి ఉంది. దానిని అలాగే ఉంచాను. రసమట్టం నూకాలమ్మ దగ్గర ఉంది, పందిరి వాసానికి మేకు కొట్టడానికి సుత్తిలాగ వాడుతోంది. ఆమె చేతిలో అది నా చేతిలో కంటే ఎక్కువ పనిచేస్తోంది.